మబ్బు కింద ఊళ్లు

నాగమల్లి పేరు వింటేనే మహీధర్‌కి ఒళ్లు మండేది. ఇద్దరూ వకుళమ్మగారి శిష్యులే. ఉపగ్రహం తీసిన బొమ్మల్లో మబ్బు కప్పిన పిక్సెళ్లను ప్రోగ్రాం రాసి పట్టుకుని, వాటికి మాస్క్ వేసి తీసేయడం ఆవిడ నేర్పే విద్య.

పెద్దతనాన ఆవిడకు మరుపు పట్టుకుంది. పేర్లు జారిపోతున్నాయి. అయినా నాగమల్లి పేరు మాత్రం నోట్లోనే ఉంటుందని మహీధర్ కడుపుమంట.

ఆ ఏడు వరద వచ్చింది. ఏయే పొలాలు మునిగాయో పటం కావాలన్నారు అధికారులు. ఏ ఊళ్లకు పడవలు పంపాలో అది చూసే తేలుస్తారు.

నాగమల్లి పటం నిండా నల్లటి చిల్లులే. మబ్బున్న చోటల్లా తీసేసి అలాగే వదిలేసింది.

"ఎలుకలు కొట్టిన చీరలా ఉంది," అన్నాడు మహీధర్.

"మబ్బు కింద ఏముందో నాకేం తెలుసు?" అంది నాగమల్లి.

"బాగుంది మల్లీ," అన్నారు వకుళమ్మగారు.

ఆ మాట అతనికి ముల్లులా దిగింది. తనూ మబ్బులు తీశాడు. చిల్లులు మాత్రం ఉంచలేదు. వరదకు ముందటి బొమ్మలోంచి అవే చోట్లు తెచ్చి పూడ్చేశాడు. అతుకు ఎక్కడా తెలియలేదు.

"చూడండమ్మా, ఒక్క చిల్లయినా ఉందేమో," అంటూ ఆవిడ ముందు పెట్టాడు.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఒక పచ్చని చోట వేలు ఆనించారు. "ఇక్కడ మబ్బు ఉండాలే?"

"ఉందమ్మా. పోయిన నెల బొమ్మతో పూడ్చాను. మల్లి దానికన్నా నిండుగా లేదూ?"

ఆవిడ తలెత్తి అతన్ని పిలవబోయారు. పెదవులు కదిలాయి గానీ పేరు రాలేదు.

"నన్ను మరిచిపోయారా అమ్మా?"

"మనిషివి తెలుస్తూనే ఉన్నావు నాయనా, పేరే దొరకడం లేదు. అక్కడ మబ్బు పట్టేసింది," అన్నారావిడ నెమ్మదిగా. "మల్లి పేరు గుర్తుంది. దాంతో పూడ్చి పిలవనా?"

మహీధర్ పటం తీసుకుని తన బల్ల దగ్గరికి వెళ్లాడు. పూడ్చిన పచ్చదనమంతా ఒక్కొక్క చోటే తీసేస్తూ కూర్చున్నాడు.

నాగమల్లి అటుగా వచ్చి తొంగిచూసింది. "ఎలుకలు నీ చీర కూడా కొట్టాయే."

"కొట్టాయి," అన్నాడు మహీధర్, తల ఎత్తకుండానే. "పడవలు ముందు ఆ చిల్లుల్లోకే పంపమని రాయి మల్లీ."