ఇంకా ఉంది, ఆగమ్మా

నీలవేణి చేతిలో కాగితం ఉంది. దాని మీద మౌలాలి సారు సంతకం పడాలి. పదకొండింటికి జిల్లా అంబులెన్సు కాల్సన్నీ కొత్త మెషీన్ మీదికి మారతాయి. ఇప్పుడు పది నలభై.

మంగళగిరి దగ్గర వాళ్ల డేటా సెంటర్‌లో ఆ కొత్త మెషీన్ ఒక్కటే గానీ, దాని లోపల విడివిడి కంప్యూటర్లలా పనిచేసే నలభై వర్చువల్ మెషీన్లు కాపురం ఉంటాయి. వాటన్నిటికీ నెట్‌వర్క్ పంచే ప్రోగ్రాం నీలవేణి రాసింది, సారు దగ్గర మూడేళ్లు నేర్చుకుని. కాకి పిల్ల కాకికి ముద్దంటారు. ఈ ప్రోగ్రాం పిల్ల నిజంగానే ముద్దొచ్చేది, కాదనను. కానీ సోమవారం నాడు పదకొండు నిమిషాల పాటు నలభై మెషీన్లూ మూగపోయాయి.

“ఎవడైనా లోపలికి దూరాడా?” అన్నారు సారు.

“లేదు సార్. మూడుసార్లు వెతికాను. ఒక్క ఫైలు పోలేదు. నా ప్రోగ్రాంలో దొంగ దూరే సందు లేదు.”

“మరెందుకు ఆగింది?”

“లోడ్ ఎక్కువై ఉంటుంది సార్. నా ప్రోగ్రాం ఒక్క ముక్క కూడా జారనివ్వదు. ముక్కలుగా వచ్చిన సందేశాన్ని, మిగతా ముక్కలు వచ్చేదాకా కాచుకుని, అన్నీ అతికించాకే పంపుతుంది.” ఆ మాటంటుంటే ఆమె గొంతులో గర్వం దాగలేదు.

సారు పెన్ను తీశారు. మళ్లీ జేబులో పెట్టేశారు. “టీ తాగొద్దాం పద.”

“ఇప్పుడా సార్?”

ఆయన అప్పటికే నడుస్తున్నారు.

క్యాంటీన్‌కి ఒకటే కిటికీ. అక్కడ సుగుణమ్మ టోకెన్లు రాసిస్తుంది.

“రెండు టీ రాయమ్మా. ఇంకా ఉంది, ఆగమ్మా,” అన్నారు సారు.

సుగుణమ్మ రాసి, తలెత్తి చూసింది. సారు పలక మీది టిఫిన్ల పేర్లు చూస్తూ నిలబడ్డారు. మిగతాది చెప్పనే లేదు. వెనక నలుగురు చేరారు. కాసేపటికి తొమ్మిదిమంది అయ్యారు. ఎవరో గొణిగారు. పది యాభై అయింది. నీలవేణి మళ్లీ గడియారం చూసింది.

వరసలో చివర సెక్యూరిటీ గార్డు ఏసుపాదం ఉన్నాడు. షుగర్ ఇంజెక్షన్ చేసుకుని టిఫిన్‌కి వచ్చినవాడు. ముఖమంతా చెమట. గోడ పట్టుకున్న చెయ్యి వణుకుతోంది.

నీలవేణికి ఒళ్లు మండింది. “సుగుణమ్మా, ఆయన కోసం ఎంతసేపు చూస్తావ్? అక్కడ మనిషి పడిపోయేట్టున్నాడు!”

“నన్నేం చెయ్యమంటావమ్మా? ఇంకా ఉందన్నారుగా. ఆయన చెప్పేదాకా ఆగొద్దూ?”

అచ్చం తన ప్రోగ్రాం మాటే, అనుకుంది నీలవేణి. కిటికీలోకి చెయ్యిపెట్టి పంచదార డబ్బా లాక్కుని పరుగెత్తింది. సారు కుర్చీ తెచ్చి వేశారు. రెండు చెంచాలు నోట్లో పడ్డాక, కాసేపటికి ఏసుపాదం చేతి వణుకు ఆగింది.

సారు ముఖం పాలిపోయి ఉంది. వరస చివర ఎవరున్నారో ఆయనా చూసుకోలేదు.

“నేనేం దొంగిలించాను నీలవేణీ?” అన్నారు మెల్లగా.

“సోమవారం నా ప్రోగ్రాం కూడా ఇలాగే రాని ముక్క కోసం కాచుకుని ఉంటుంది సార్,” అంది నీలవేణి. కాగితం నాలుగు మడతలు పెట్టి, ఫోన్ తీసింది. “పదకొండింటికి మార్చొద్దు. కాల్సన్నీ పాతదాని మీదే ఉంచండి.”

కిటికీలోంచి సుగుణమ్మ కేకేసింది. “సారూ, ఇంకేదో ఉందన్నారు. ఏం రాయమంటారు?”

“ఏం లేదమ్మా,” అన్నారు సారు. “మొదట్నుంచీ ఏం లేదు.”