తోపుడుబండి మీద గేటు

ముగ్గురు అన్నదమ్ములుండేవారంట. పెద్దోడు అబ్బులు, నడిపోడు తాతబ్బాయి, ఆఖరోడు గవర్రాజు. వాళ్ళమ్మ నూకాలమ్మ. తెలివంటే మాదేనని నలుగురికీ తెగ మురిపెం. ఎంత తెలివనుకున్నారు? వానొస్తే గొడుగు తడిసిపోద్దని చంకలో పెట్టుకుని వాళ్ళు తడుస్తా వచ్చేవారు. "చూడమ్మా, గొడుక్కి చుక్క తగల్లేదు" అని అబ్బులు గుమ్మంలో నిలబడి వణికేవాడు. "నా కొడుకుల బుర్రే బుర్ర" అని ఆవిడ మెటికలిరిచేది.

ఒరే పిల్లలూ, మధ్యలో దగ్గొస్తే ఏమనుకోకండి. ఈ ఫోన్లో చెప్తే మీ అందరికీ చేరుద్దని పక్కింటమ్మాయి నొక్కి ఇచ్చింది.

ఆ ముగ్గురికీ ఓ యూనివర్సిటీలో కాపలా ఉద్యోగం దొరికింది. ఉద్యోగంతో పాటు ఆ ఆవరణలోనే ఓ మూల క్వార్టరిచ్చారు. ఒకటే గది, కానీ పెరట్లో కుళాయి. నూకాలమ్మ అప్పటిదాకా ఎవరిదో పశువుల పాకలో ఓ పక్కన తలదాచుకున్న మనిషి. ఇంట్లో కుళాయేంటి! దానికి పసుపు రాసి బొట్టెట్టింది.

అక్కడి పెద్దాఫీసరు సర్వారాయుడు గారు. ఆయన ముగ్గుర్నీ పిలిచి, "ఒరే, ఈ యూనివర్సిటీలో ఎక్కడ చూసినా సిగరెట్లే. పిల్లలు, మాస్టర్లు అని తేడా లేదు. సోమవారం పైనుంచి కమిటీ వస్తంది. ఆవరణలో ఎక్కడా పొగన్నది కనపడకూడదు. కనపడిందా, మీ ఉద్యోగం పోద్ది, క్వార్టరూ పోద్ది" అన్నారు.

"ఆయ్! పొగ కనపడకూడదు. అంతేగదండి!" అన్నాడు అబ్బులు.

ఇంకేముంది, బయల్దేరారు. ముందు కనపడింది హాస్టలు వంటశాల. గొట్టంలోంచి నల్లగా పొగ. ముగ్గురూ మూడు బిందెలతో పరిగెత్తి పొయ్యిలన్నిట్లో నీళ్ళు గుమ్మరించేశారు. "ఓరి మీ దుంపతెగ! అన్నం సగమే ఉడికిందిరా!" అని వంటాయన గరిటెత్తాడు. "సగం ఉడికితే ఉడికింది. పొగైతే పూర్తిగా ఆరింది కదా" అన్నాడు తాతబ్బాయి.

అవతల క్యాంటీన్లో ఇడ్లీపాత్ర మూత తీస్తున్నారు. తెల్లగా గుప్పున లేచింది. గవర్రాజు కళ్ళింతలేసుకుని, "అన్నియ్యా! ఇడ్లీలన్నీ కలిసి తాగుతున్నాయే!" అన్నాడు. "ఒక్కొక్కటీ ఎలా ఒదుల్తుందో చూడు. సిగ్గులేదూ!" అన్నాడు అబ్బులు. అంతే, ఇడ్లీలన్నీ పట్టుకుపోయి కాపలా గదిలో పెట్టి తాళమేశారు. సాయంత్రం తీసి చూస్తే చల్లగా, రాళ్ళలా ఉన్నాయి. "బుద్ధొచ్చిందిలే పాపం" అని మందలించి ఒదిలేశారు.

మీ తాతయ్య ఈ ఇడ్లీల కాడికొచ్చేసరికి గొంతు సన్నం చేసి, ఇడ్లీలు బతిమాలినట్టు "ఇంకెప్పుడూ తాగమండీ, ఒదిలెయ్యండీ" అనేవారు. నాకా గొంతు రాదు. ఆయన పోయాక ఇదే మొదటిసారి చెప్తున్నాను. మీరే అనుకోండి ఆ మాట, సన్నగా. ఆ, అలాగ.

తిండిలేక హాస్టలు పిల్లలంతా ఆఫీసు ముందు కూచున్నారు. సర్వారాయుడు గారు తల పట్టుకుని, "పొయ్యిలూ ఇడ్లీలూ మీకెందుకురా! నోట్లో సిగరెట్టుంటే పట్టుకోండి. తెల్లగా, పుల్లలా, నోట్లో ఉంటది. తెలిసిందా?" అన్నారు.

"అలా చెప్పండి మరి! ముందే చెప్తే బిందెలు మోసే పని తప్పేది" అన్నాడు అబ్బులు.

లెక్కల మాస్టారని ఒక పెద్దాయన. మోకాళ్ళ నొప్పులు. సిమెంటు బల్ల మీద కూచుని వేళ్ళ మధ్య సిగరెట్టు కాలుస్తున్నారు. అబ్బులూ తాతబ్బాయీ ఎదురుగా నిలబడ్డారు.

"ఏంటోయ్?" అన్నారాయన.

"ఏం లేదండి. చేతిలో ఉంది కదా, నోట్లోకి రావాలని చూస్తున్నామండి."

ఆయన నోట్లో పెట్టుకున్నారు. "ఆ, ఉంది!" అని అబ్బులు విజిలు ఊదాడు. ఆయన ఉలిక్కిపడి తీసేశారు. "లేదు" అన్నాడు తాతబ్బాయి. మళ్ళీ పెట్టారు. "ఉంది!" మళ్ళీ తీశారు. "లేదు." ఆఖరికి అబ్బులు చేతులు జోడించి, "ఏవండీ, ఓ పాలి పెట్టుకుని కాసేపలా ఉంచుకోండి. మేం వచ్చి పట్టుకోడానికి టైమివ్వాలి కదండి. ఇంటి దగ్గర అమ్మ ఒక్కత్తే ఉందండి" అన్నాడు. ఆయన సిగరెట్టు అయిపోయింది కానీ వీళ్ళు పట్టుకోడం అవలేదు.

ఈలోగా గవర్రాజు గెంతుకుంటా వచ్చాడు. "అన్నియ్యా, నేను పట్టేశా! తెల్లగా, పుల్లలా, నోట్లో ఉంది. ఇంకా వెలిగించలేదు, వెలిగించే లోపలే లాగేశా!" అని చూపించాడు. చూస్తే అది జ్వరం చూసే పుల్ల. వెనకాల ఆస్పత్రి నర్సమ్మ చెప్పు తీసుకుని వస్తంది. "ఒరే తింగరి సన్నాసీ! జ్వరంతో మూలుగుతున్న పిల్లాడి నోట్లోంచి లాగుతావా!" "పొగ తాగితే జ్వరం రాదేంటండి మరి" అన్నాడు వీడు.

నర్సమ్మ వెళ్ళి చెప్తే సర్వారాయుడు గారికి నీరసమొచ్చేసింది. "నాయనా, ఎవర్నీ పట్టుకోవద్దు. తాగేవాళ్ళని గేటు బయటికి పొమ్మనండి. గేటు బయట తాగితే మనకి సంబంధం లేదు. అంతే!" అన్నారు.

వీళ్ళెళ్ళి లెక్కల మాస్టారికి చెప్పారు. "అంత దూరం నేను నడవలేనోయ్. ఈ మోకాళ్ళతో గేటు కాడికెళ్ళి వచ్చేసరికి తెల్లారిపోద్ది" అని ఆయన దిగాలుగా కూచున్నారు. వీళ్ళకి గుండె కరిగిపోయింది. ఇంటికొచ్చి అన్నాలు ముందు పెట్టుకుని ముద్ద మింగకుండా కూచున్నారు.

"ఏంట్రా?" అంది నూకాలమ్మ.

"మాస్టారు గేటు కాడికి రాలేరంటమ్మా."

"ఓస్, దీనికేనా! ఆయన రాలేకపోతే గేటునే తీసుకెళ్ళండి. దానికేమన్నా మోకాళ్ళ నొప్పులా?"

ఇంకేముంది! గెడ్డపార తీసుకెళ్ళి ఇనపగేటుని దాని స్తంభాలతో సహా పెకలించేశారు. తోటమాలి తోపుడుబండి మీద నిలబెట్టి తాళ్ళు కట్టారు. తోసుకుంటా వెళ్ళి మాస్టారి ముందు ఆపి, "ఏవండీ, మేం గేటుకి ఇటున్నాం, మీరటున్నారు. అంటే మీరు బయటున్నట్టే. దర్జాగా తాగండి" అన్నారు.

అంతే, ఈ సంగతి యూనివర్సిటీ అంతా పాకిపోయింది. "ఇటో గేటు!" అని ఒకడు, "లైబ్రరీ కాడికో గేటు!" అని ఇంకొకడు. గవర్రాజు బండి తోస్తా, "గేటండీ గేటూ! తాజా గేటూ!" అని కేకలు. దాని వెనకాల సిగరెట్లు పట్టుకుని ఊరేగింపు.

సోమవారం కమిటీ రానే వచ్చింది. కారు దిగిన పెద్దలకి గేటు కనపళ్ళేదు, ఆ సందులోంచి లోపలికెళ్తున్న గేదెలు కనపడ్డాయి. తోటలోకొచ్చి చూస్తే బండి మీద గేటు. గేటు వెనకాల మబ్బు కమ్మినట్టు పొగ. ఆ పెద్దల్లో ఓ అమ్మగారు దగ్గుకుంటా, "ఏంటయ్యా ఇది?" అంది.

"వాళ్ళంతా బయటున్నారండి. మీరు లోపలున్నారు. మీకు పొగ తగలదండి" అన్నాడు అబ్బులు.

"తగులుతుందయ్యా! చువ్వల్లోంచి వస్తంది!"

తాతబ్బాయి టోపీ తీసి పొగని విసురుతా, "ఏయ్, అటు పో! పాసు లేకుండా లోపలికొస్తావా!" అని గద్దించాడు.

సర్వారాయుడు గారి మొహం ఎర్రగా కందిపోయింది. "మీ ఉద్యోగం పోయింది! ఇల్లూ పోయింది! పొద్దుపోయేలోపు మీరు నలుగురూ గేటు బయటుండాలి!" అని అరిచారు.

నూకాలమ్మ కుళాయిని వాటేసుకుని ఘొల్లుమంది. "మళ్ళీ ఆ పశువుల పాకేనా నా బతుకు! ఇలాంటి ఇల్లు మనకెవడిస్తాడ్రా!"

"ఏడవకే అమ్మా. ఇల్లొదలమని ఎవరన్నారు? గేటు బయటుండమన్నారు. అంతేగా!" అన్నాడు అబ్బులు.

బండి తోసుకొచ్చి, వాళ్ళ గుమ్మం ముందున్న ఖాళీస్థలంలో గోతులు తీసి గేటు పాతేశారు. తాళమేసి, తాళంచెవి చువ్వల్లోంచి అవతలికి విసిరేశారు. "బయటికొచ్చేశాం" అనుకుని, వేడన్నం తిని ముసుగేసి పడుకున్నారు.

పొద్దున్నే సర్వారాయుడు గారొచ్చారు. గేదెలు తోటంతా మేసేసి ఆయన ఆఫీసు మెట్ల మీద నెమరేస్తున్నాయంట. ఆయనకి కోపం పడే ఓపిక కూడా లేదు. గేటు పక్కనుంచి చుట్టూ తిరిగి వీళ్ళ గుమ్మంలోకొచ్చి, "ఒరే నాయనా, ఇల్లు మీరే ఉంచుకోండి. ఉద్యోగమూ ఈ నిముషం నుంచీ మీదే. ఆ గేటు మటుకు తీసుకెళ్ళి దాని చోట పాతండి. మళ్ళీ కదపకండి" అన్నారు.

"ఆయ్, చిత్తం! కానీ తాళంచెవి లోపలుందండి. మేం బయటున్నాం. మీరూ బయటే ఉన్నారు."

"పక్కనుంచెళ్ళి తెచ్చుకోరా!"

"గేటుండగా పక్కనుంచి వెళ్ళకూడదండి. కాపలావాళ్ళం, మేమే అలా చేస్తే ఎలాగండి?"

ఆయన ఓ అడుగు పక్కకేస్తే ముగ్గురూ చేతులడ్డం పెట్టారు. ఇటేస్తే ఇటొచ్చారు. ఇంకేం చేస్తారు పాపం! పెద్ద చదువులు చదివిన మనిషి, జోళ్ళు విప్పి, ప్యాంటు పైకి మడిచి, ఆ బయలు మధ్యలో గేటెక్కి అవతలికి దూకారు. ప్యాంటు చువ్వకి పట్టుకుని పర్రున చిరిగింది. గడ్డిలో తడుముకుని తాళంచెవి తెచ్చి చువ్వల్లోంచి ఇచ్చారు.

అబ్బులు తాళం తీశాడు. ముగ్గురూ పద్ధతిగా లోపలికొచ్చారు. వస్తూనే విజిలు ఊది ఆయన్ని గట్టిగా పట్టేసుకున్నారు.

"ఒదలండ్రా! నేన్రా!"

"ఎవరైతే మాకేంటండి? గేటు దూకడం మా కళ్ళతో చూశాం. డ్యూటీ ఎక్కీ ఎక్కగానే దొంగ దొరికాడమ్మా!" అని గవర్రాజు కేకేశాడు.

"నేను ఆఫీసర్నిరా!"

"ఆ మాటేదో ఆఫీసరు గారితోనే చెప్పుకో" అని ఆయన్ని తోపుడుబండికి కట్టేసి, సర్వారాయుడు గారొస్తే అప్పజెబుదామని దోవ చూస్తా కూచున్నారంట. మధ్యానం అయింది, ఆయన రాలేదు. "ఇంత పొద్దెక్కినా ఆఫీసుకి రాడేంట్రా ఈ మనిషి! ఇలాంటోళ్ళకి ఉద్యోగాలెవరిస్తారో!" అని తాతబ్బాయి విసుక్కున్నాడంట.