గంట మోగని అద్దం

ఒకానొక రాజ్యంలో మంత్రిగారు కొత్త పద్ధతి తెచ్చారు. గింజల కొట్లో మాయ అద్దం పెట్టించి, దాని మీద బొటనవేలు ఆనిస్తే గంట మోగాలన్నారు. మోగితేనే బియ్యం. మోగలేదా, ఆ మనిషి రాజ్యంలో లేనట్టే.

అచ్చియ్యమ్మ కోట గోడలకి సున్నం కొట్టే మనిషి. ఆ సున్నానికి గీతలు అరిగి ఆమె వేళ్ళు నున్నబడిపోయాయి. పొద్దుటినుంచి ఎన్నిసార్లు ఆనించినా గంట మోగలేదు. సాయంత్రం కొట్టు మూసేలోపు మోగకపోతే పేరు కొట్టేస్తారట. గంజి కోసం గుమ్మంలో కూర్చుని ఉండే మనవరాలు గుర్తొచ్చి ఆమె మళ్ళీ అద్దం ముందుకొచ్చింది.

"అద్దం అబద్ధమాడదే! పక్కకి జరుగు," అన్నారు కొట్టు చూడ్డానికొచ్చిన మంత్రిగారు, తమలపాకు తీస్తూ. "సున్నం ఉందా?"

అచ్చియ్యమ్మ గబగబా బొడ్లోంచి సున్నపుకాయ తీసి ఇచ్చింది. ఆయన బొటనవేలితో ఆకుకి దట్టంగా రాసుకుని నోట్లో పెట్టుకున్నారు.

"బాబయ్యా, నాకే సరిగ్గా నొక్కడం రావట్లేదేమో. తమరోసారి చూపిద్దురూ," అంది భయంభయంగా.

మంత్రిగారు దర్జాగా వేలు ఆనించారు. గంట మోగలేదు. మళ్ళీ నొక్కారు. ఊహూఁ.

"అయ్యో, తమరూ రాజ్యంలో లేరా బాబయ్యా?"

వరసలో ఉన్న జనం కిసుక్కున నవ్వారు.

"నోర్ముయ్! వేలికి కాస్త సున్నం అంటింది, అంతే. నేను మంత్రినని ఇంతమందికీ తెలీదా?" అని అరిచారాయన.

"నాకూ సున్నమే అంటింది బాబయ్యా. నేనూ ఇంతమందికీ తెలుసు. తమరిది తుడిస్తే పోతుంది. నా వేలిగీతలు మాత్రం కోట గోడలకే అంటుకుపోయాయి."

మంత్రిగారు వేలు తుడుచుకోబోయి ఆగిపోయారు. బియ్యం కొలిచేవాడి వైపు తిరిగి, "ఈమెకి బియ్యం కొలిచివ్వు. అద్దానికి తెలియనివాళ్ళు ఇంకెవరైనా వస్తే ఊరివాళ్ళని అడిగి కొలిచివ్వు," అన్నారు.

అచ్చియ్యమ్మ కొంగులో బియ్యం మూటగట్టుకుని, ఆయన మనసు మారేలోపే ఇంటికి పరుగుతీసింది.