ఎవరిని పిలిచాడో

ఎలీషా సంచి సర్దేశాడు. ఆటో తోలుకునైనా బతుకుతానుగానీ ఈ మిషను ఆసుపత్రి గడప మళ్లీ తొక్కేది లేదని ఒట్టు పెట్టుకున్నాడు.

కిటికీ పక్క మంచం మీద గంగులు ఉన్నాడు. క్వారీలో రాయి పడి నడుము విరిగింది. యజమాని మనుషులు అతన్ని తెచ్చి గేటు దగ్గర దించి, వెనక్కి తిరిగి చూడకుండా పోయారు. ఇప్పుడు వీపంతా పుళ్లు. ఆ బాధకి పొద్దుటి నుంచీ "అయ్యా, అయ్యా" అని అరుస్తూనే ఉన్నాడు. అంతసేపూ ఎలీషా పక్కనే ఉన్న చర్చిలో మోకాళ్ల మీద ఉండి ప్రార్థన చేశాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఆ క్వారీ యజమానికి మాత్రం ఏ లోటూ లేదు, కొత్త కారు కొన్నాడట. ఇదేం న్యాయం?

జకరయ్యగారు వార్డు వరండాలో గుడ్డలు ఉతికి పిండుతున్నారు. అక్కడి పాదిరి ఆయనే, ఎలీషాకు సేవ నేర్పుతున్నదీ ఆయనే. ఎవరు కేక వేసినా అందరికంటే ముందు పరుగెత్తే మనిషి.

"నేను వెళ్లిపోతున్నాను అయ్యగారూ. దేవుడు పిలిచాడనుకుని వచ్చాను. ఏ పిలుపూ లేదు. అసలు ఆయనే లేడు. ఉంటే ఈ అరుపులు వినబడవా?"

ఆయన కాదనలేదు, బైబిలు వాక్యమూ చెప్పలేదు. గుడ్డ పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నారు.

"అయ్యా," అని లోపల్నుంచి కేక వచ్చింది.

జకరయ్యగారు కదల్లేదు. మళ్లీ కేక. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు.

ఎలీషాకు ఒళ్లు మండింది. "వాడు పిలుస్తుంటే వెళ్లరేం?"

"వాడు పిలిచేది నన్నో కాదో. దేవుణ్ణేనేమో. ఆయన పలుకుతాడేమో చూద్దాం, కూర్చో."

కూర్చోవడమా? అక్కడ మనిషి ప్రాణం పోతుంటే పరాచికాలా? పెద్దాయన్ని దులిపేద్దామని మాట నోటిదాకా వచ్చింది. ఈలోగా ఇంకో కేక, ఈసారి ఓపిక లేక సన్నగా. ఎలీషా సంచి విసిరికొట్టి, గుడ్డా నీళ్ల బేసినూ లాక్కున్నాడు.

"వస్తున్నా, ఇక్కడే ఉన్నా," అని అరుస్తూ వార్డులోకి పరుగెత్తాడు. కోపం వీసమెత్తు తగ్గలేదు. ఆ పరుగులో సగం నీళ్లు దారిలోనే ఒలికాయి.

వెనకే జకరయ్యగారు వచ్చారు. గంగులు భుజం పట్టుకుని మెల్లగా పక్కకి ఒత్తిగిల్లేలా తిప్పారు.

"పిలుపు లేదన్నావుగా," అన్నారు.

ఎలీషా గుడ్డ తడిపి ఆ వీపు తుడవడం మొదలుపెట్టాడు.