ఎత్తని టాపు

పరదేశికి ఒకటే బాధ. బాబా తనకి శాలువా కప్పడం లేదు.

భీమిలి దాటాక సముద్రం ఒడ్డున ఒక చిన్న దర్గా. అక్కడుండే సైదా బాబా ఎవరికైనా ఆకుపచ్చ శాలువా కప్పాడంటే వాణ్ణి శిష్యుడిగా ఒప్పుకున్నట్టు. నిన్నగాక మొన్న వచ్చిన ఎండుచేపల వ్యాపారికి కప్పాడు. కల్లు మానేసి నెల తిరగనివాడికి కప్పాడు. ఇల్లు వదిలి వచ్చి, దర్గా ముంగిలి ఊడ్చి ఊడ్చి నేలని మోకాలి లోతు అరగదీసిన పరదేశికి మాత్రం కప్పలేదు. వాడు ఊడ్చిన ఇసకంతా పోగేసి ఉంటే సముద్రం జడిసి వెనక్కి పోయేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"నాలో ఇంకేం తక్కువ బాబా? ఇల్లు వదిలేశాను, వాకిలి వదిలేశాను. పగవాడని చెప్పుకోడానికి అన్న ఒక్కడుండేవాడు. పోయినేడు వాడూ పోయాడు. ఇప్పుడు నాకు ఎవరి మీదా కోపం లేదు."

బాబా తేగ పీచు తీసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"మీ నాన్నకి టాపు మడిచే కారొకటి ఉండాలే. అదేమైంది?"

"పెరట్లో ఉంది. కారు కాదిప్పుడు, తుప్పు."

"బాగుచెయ్యి. ఒకసారి ఎక్కాలనుంది."

"అందులో సగమే నాది బాబా."

"మిగతా సగం వాళ్ళని కూడా కలుపుకో" అని తేగ విరిచి సగం వాడి చేతిలో పెట్టాడు.

ఆ కారు సంగతి భీమిలిలో పాలు తాగే పిల్లల్ని అడిగినా చెబుతారు. జనపనార మిల్లు దొర వెళ్ళిపోతూ అమ్మితే వీళ్ళ నాన్న కొన్నాడు. ఎర్రటి కారు. టాపు మడిచి బజార్లో వెళుతుంటే కొబ్బరిచెట్లు నడుం వంచి చూసేవి. ఆయన పోయాక అన్నదమ్ములు పొలం పంచుకున్నారు, గిన్నెలు పంచుకున్నారు, నూతి గిలక కోసం గిన్నెలతో కొట్టుకున్నారు. కారు దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ తగ్గలేదు. పెద్దమనుషులు విసిగిపోయి కారుకి అడ్డంగా సున్నంతో గీత గీసేశారు. ఇంజనూ, ముందు అద్దమూ, ముందు సీటూ పెద్దవాడు సన్యాసిరావుకి. వెనక సీటూ, డిక్కీ, దాని మీద మడిచి ఉన్న టాపూ చిన్నవాడు పరదేశికి.

ఆ ఏడు తొలివాన పడింది. వెనక నుంచి టాపు ఎత్తి, ముందుకు లాగి, అద్దం మీదున్న రెండు హుక్కులకి తగిలిస్తే చాలు, కారంతా పొడిగా ఉంటుంది. కానీ అలా లాగితే అన్న సీటు కూడా తడవదు. పరదేశి తన అరుగు మీద కూర్చుని కారు నిండటం చూశాడు. తన సగమూ తడుస్తోంది. తడవనీ అనుకున్నాడు.

తర్వాత వచ్చిన వానాకాలాలన్నీ అలాగే గడిచాయి. కారులో కప్పలు కాపురాలు పెట్టి మనవల్ని ఎత్తుకున్నాయి. ఉప్పుగాలికి రేకు ఎంత పల్చబడిందంటే, కాకి వాలితే దాని కాళ్ళు కిందనుంచి కనిపించేవి.

పరదేశి వెళ్ళేసరికి వదిన నూకాలమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది.

"ఎవరూ, మరిదిబాబే! మీ అన్నని తీసుకెళ్ళిన రోజు వీధి చివరిదాకా వచ్చి ఆగిపోయిన కాళ్ళు ఇవాళ గుమ్మం దాకా వచ్చాయేటి?"

"కారు బాగుచేద్దామని వదినా. బాబా చెప్పాడు."

"ఓహో. బాబా చెప్పాలేటి దానికి?"

"ముందు సగం నీది కదా. నువ్వు సరేనంటే అదీ నేనే..."

"నా సగం నేనే గోక్కుంటాను. గీత దాటి చెయ్యి పెట్టావో, వేళ్ళు ఉప్పులో వేసి ఊరబెడతాను."

అలా మొదలైంది. గీతకి ఇటు మరిది, అటు వదిన. గరుకుకాగితం పెట్టి గోకుతుంటే లేచిన ఎర్రదుమ్ముకి వీధి కుక్కలన్నీ ఒకే రంగుకి వచ్చాయి. పొద్దున్న గోకడం మొదలుపెడితే అవతలి ఊళ్ళో పళ్ళు జివ్వుమనేవి. నూకాలమ్మ చేతులు ఎంత ఆడేవో నోరు అంతకు రెట్టింపు ఆడేది.

"ఇదేటి మరిదిబాబూ, నీ తలుపు తోస్తే చేతిలోకొచ్చేసింది? నీ మనసులాగే లోపలంతా బోలు."

"నీ బానెట్ మాత్రం? జల్లెడ. పిండి జల్లించుకో."

"మీ అన్న ఉంటే ఈ మాటకి నవ్వును" అంది నూకాలమ్మ. పరదేశి తల వంచుకుని ఇంకాస్త గట్టిగా గోకాడు. గోకగా గోకగా సున్నం గీత ఏ తుప్పుతో రాలిపోయిందో ఎవరూ చూసుకోలేదు.

ఒకరోజు అద్దం చట్రం పైన, ఇటొకటి అటొకటి, చిన్న గుడ్డమూటలు కనిపించాయి. నూనె ఓడుతున్న గుడ్డలు. పైన తాడు బిగించి కట్టి ఉంది. పరదేశి విప్పాడు. లోపల హుక్కులు. కారు మొత్తంలో తుప్పంటనివి ఆ రెండే. పెళ్ళికొడుకు వేలి ఉంగరాల్లా మెరుస్తున్నాయి.

పరదేశి పగలబడి నవ్వాడు.

"చూశావా వదినా మీ ఆయన పిసినారితనం! కారంతా కుళ్ళి మట్టిలో కలిసినా ఫరవాలేదు. తన వాటాకొచ్చిన రెండు హుక్కులు మాత్రం చంటిపిల్లల్లా చుట్టబెట్టుకున్నాడు!"

నూకాలమ్మ నవ్వలేదు. సాయంత్రం చేతులు కడుక్కుంటూ అంది.

"ఏటేటా వానలకి ముందు వచ్చి నూనె మార్చేవాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. నువ్వయినా అడగాల్సింది."

"మాకు మాటలుంటే కదా!" అన్నాడు పరదేశి. ఆ హుక్కులకి గోకే పని లేదు కాబట్టి మళ్ళీ గుడ్డలు చుట్టేసి డిక్కీ వైపు వెళ్ళిపోయాడు.

ఎండలు ముదిరేసరికి కారుకి రూపం వచ్చింది. చిల్లులకి రేకు అతికించారు, లప్పం పెట్టారు, మళ్ళీ ఎర్రరంగు వేశారు. తెరచాపలు కుట్టేవాడి చేత పరదేశి కొత్త టాపు కుట్టించాడు. ఇంజను మాత్రం లేవలేదు. ఊళ్ళో ఉన్న మెకానిక్కులందరూ దాని నోట్లో తలలు పెట్టి చూసి, తలలు ఆడించి వెళ్ళిపోయారు.

"కదలదు బాబా" అని పరదేశి వెళ్ళి చెప్పుకున్నాడు.

"కదలకపోతే నేనే వస్తాను" అన్నాడు బాబా.

బాబా వచ్చిన రోజు ఆయన భుజం మీద ఆకుపచ్చ శాలువా ఉంది. కొత్తది, మడత విప్పనిది. దాన్ని చూడగానే పరదేశి గుండె దర్గా మీది పావురాలన్నీ ఒక్కసారి లేచినట్టు కొట్టుకుంది.

బాబా కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. గుమ్మంలో నిలబడ్డ నూకాలమ్మకి నమస్కారం పెట్టాడు. వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాడు. సముద్రం వైపు నుంచి మబ్బు దిగుతోంది.

"వానొచ్చేలా ఉంది. టాపు వెయ్యి నాయనా."

పరదేశి టాపు ఎత్తాడు. ముందుకు లాగాడు. గుడ్డలు విప్పి, ఒక హుక్కు తగిలించాడు. ఇటు తిరిగొచ్చి రెండోది తగిలించాడు. చప్పుడే లేదు. వెన్నలోకి దిగినట్టు దిగాయి.

"చూశారా బాబా! ఎంత చక్కగా పట్టిందో!"

బాబా కిందికి దిగాడు. పరదేశి చెయ్యి పట్టుకుని వేళ్ళు చూశాడు.

"ఏమిటిది?"

"నూనె బాబా."

"ఎవరు రాశారు?"

"అన్న."

"టాపు ఎవరిది?"

"నాది" అన్నాడు పరదేశి. ఆ మాట అని, ఇంకేదో అనబోయి, ఆగిపోయాడు.

బాబా భుజం మీది శాలువా మడత విప్పాడు. టాపు కిందికి వంగి, ముందు సీటు మీద దాన్ని నిండుగా కప్పాడు. అంచులు సరిచేశాడు. తర్వాత వచ్చిన దారినే నడిచి వెళ్ళిపోయాడు.

చినుకు మొదలైంది. గుమ్మంలోంచి నూకాలమ్మ కేకేసింది, "తడుస్తున్నావయ్యా, లోపలికి రా!" అని. పరదేశి కదల్లేదు. అద్దం పక్కనే నిలబడి లోపలికి చూస్తున్నాడు.

వాన చాలాసేపు కురిసింది. ముందు సీటు మీద ఒక్క చుక్క కూడా పడలేదు.