తరవాణి కుండ, మాంత్రికుడి చిలుక

అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి కత్తంటే ప్రాణం, రెండోవాడికి వీణంటే ప్రాణం, మూడోవాడు వసంతకేతుడికి తిండంటే ప్రాణం. నవ్వకండి, మీరేం తక్కువ తింటున్నారా?

ఏడు సముద్రాల అవతల ధూమకేశుడనే మాంత్రికుడు కువలయ అనే రాకుమారిని ఇనపగదిలో బంధించాడు. అతనికి శుభ్రమంటే పిచ్చి. కడుపులో కూడా ఏ పురుగూ ఉండకూడదని నల్ల కషాయం తాను తాగి, ఆమెకూ తాగించేవాడు. ఆమెకు ఆకలి పోయింది, నిద్ర పోయింది, నవ్వు పోయింది. రోజురోజుకీ చిక్కిపోతోంది.

ఆమెను విడిపించాలని పెద్దవాడు వెళ్లి తలుపును కొడితే కత్తి వంగింది. రెండోవాడు వెళ్లి వీణ వాయిస్తే ఆమె తలైనా తిప్పలేదు. మూడోవాడు వంటింట్లోని తరవాణి కుండ ఎత్తుకెళ్లాడు. అందులో గంజి పులుస్తూ ఉంటుంది. తాగినంత తాగి కొత్త గంజి పోస్తారు తప్ప అడుగు ఖాళీ చెయ్యరు. ఏడో సముద్రం చేరేసరికి ఆ పులుపు వాసనకు చేపలే పక్కకు తప్పుకున్నాయి.

ఇనపగది ముందు పంజరంలో చిలుక ఉంది. మాంత్రికుడి ప్రాణం దానిలోనే ఉంది.

"మెడ పిసుకుతావా? పిసుకు నాయనా, నాకూ బతకాలని లేదు. కానీ ఆ తలుపు మాంత్రికుడు చెబితేనే తెరుచుకుంటుంది. వాడు చస్తే అమ్మాయి లోపలే," అంది చిలుక.

దిగులెందుకని అడిగితే తనకూ కషాయమే పోస్తాడంది. కడుపులో కంటికి కనబడని బుల్లి జనం ఉంటారట. మనం తిన్నదాంట్లోంచి వాళ్లు రసాలు చేస్తారట. ఆ రసాలే దూతలు. కొన్ని నెత్తుటి ఏట్లో ఈదుకుంటూ, కొన్ని పొడుగాటి నరాన్ని మీటి తలకు కబురు చేరుస్తాయి. తల కూడా కిందికి బదులు పంపుతుంది. కషాయం ఆ జనాన్ని చంపేసింది. కబుర్లు రాక తల దిగులుపడుతోంది.

వసంతకేతుడు మాంత్రికుడి కంటపడకుండా చిలుక కషాయం పారబోసి, రోజూ చిలుకకు తరవాణి పోశాడు. మొదట కంపు కొడుతోందంది. తర్వాత ఇంకాస్త అడిగింది. కొన్ని వారాలకు ఈల వేసింది.

చిలుక ఈల వేస్తే దాని ప్రాణంతో ముడిపడ్డ మాంత్రికుడు ఊరుకుంటాడా? అద్దంలో తన గడ్డం చూసుకుని పడీపడీ నవ్వాడు. "ఈ పిల్లనెందుకు పట్టుకొచ్చాను?" అంటూ తలుపును తెరుచుకోమన్నాడు.

వసంతకేతుడు కువలయకూ రోజూ తరవాణి పోశాడు. చివరికి ఒకనాడు ఆమె నోరు విప్పింది.

"ఇంత కంపు కానుక నాకెవరూ తేలేదు. ఇంకాస్త పొయ్యండి."

పెళ్లయింది. చాలాకాలం రాజ్యమేలారు. ధూమకేశుడికి కుండలో గంజి పోసే ఉద్యోగమిచ్చారు. కడగడం మాత్రం నిషేధం.

ఇక లేచి అన్నాలకు పదండి. మీ లోపలివాళ్లు కాచుకుని కూర్చున్నారు.