మహారాజుగారి మెడ మీద దురద

సిరిపాడు రాజు ఉదయమల్లుడు ఒకనాడు కొలువులోకి వచ్చీ రాగానే ఆజ్ఞ వేశాడు.

"నా మెడ మీది ఈ దురదకు కారకులెవరో తేల్చండి. వాళ్ళు ఎంతటివాళ్ళైనా సరే, రాజ్యం దాటిస్తాను."

అంటూనే చెయ్యి వెనక్కి పెట్టి బరబరా గోక్కున్నాడు. ఆయన్ని అనడానికీ లేదు. నెల పైబడి మెడ వెనకాల ఎర్రగా కమిలి, పొక్కులు లేచి, ఒకటే దురద. మొన్న పొరుగు రాయబారి సంధి మాటలు చెబుతుంటే రాజు రాజదండంతో మెడ గోక్కున్నాడు. తనను కొట్టడానికే ఎత్తాడనుకుని ఆ రాయబారి సంధి సంగతి సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు.

వైద్యం చేస్తున్నది ఆస్థాన వైద్యుడు భావనభట్టు. ఆయనకు తెలియని రోగం లేదు, ఆయన తగ్గించిన రోగమూ లేదు. వేపాకు రుద్దించాడు, గంధం పూయించాడు. వంకాయ, గోంగూర మాన్పించి రాజుకు బీరకాయ పథ్యం పెట్టాడు. రాజు చిక్కాడు గానీ దురద చిక్కలేదు. ఇక పరువు పోయేలా ఉందని భట్టు నెపం వంటింటి మీదికి నెట్టేశాడు.

"ప్రభూ, కారకురాలు వంటమనిషి అచ్చమ్మ. పథ్యం కూరలో దొంగచాటుగా వంకాయ కలుపుతోంది."

అచ్చమ్మ ఏడుపు అందుకుంది. "నా చేత్తో తమకు ఉగ్గు పెట్టినదాన్ని బాబూ. నేనట్టా చేస్తానా? ఈ వయసులో ఎల్లగొడితే యాడికి పోను?"

రాజు తల దించుకున్నాడు. ఆజ్ఞ వేసేశాడు మరి.

కొలువులో నవ్వించడమే పనిగా ఉండే కూర్మన్న అప్పుడు లేచాడు. అచ్చమ్మ చేతి తిండి తిని పెరిగినవాడే, ఆమె ఏడుపు చూడలేకపోయాడు.

"భట్టుగారూ, చిన్న సందేహం. ఆ వంకాయ కడుపులోకి దిగాక చేతులూ కాళ్ళూ వదిలేసి, తిన్నగా మెడ వెనక్కే ఎందుకు వెళ్ళింది?"

సభ గొల్లుమంది. "వైద్యం నీకేం తెలుసు? కూర్చో," అన్నాడు భట్టు.

కూర్మన్న కూర్చోలేదు. సింహాసనం వెనక్కి వెళ్ళి రాజు మెడనూ, అంగీ మెడపట్టీనీ ఒకసారి చూసి వచ్చాడు. చూశాక గొంతు మార్చేశాడు.

"నాకేం తెలుసు లెండి. ప్రభూ, ఇంత శ్రమపడ్డ వైద్యుడికి సన్మానం జరగాలి. తమ ఒంటి మీది అంగీ తీసి ఆయనకు తొడగండి. సన్మానం చేసినవారు వారం పాటు కొత్త బట్టలే కట్టాలని మా తాత అనేవాడు. అచ్చమ్మ ఆ వారం వండిపెట్టి వెళుతుంది."

రాజు సరేనన్నాడు. భట్టు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. రాజుగారి అంగీ తొడుక్కుని వీధులన్నీ తిరిగాడు. పడుకునేటప్పుడు కూడా విప్పలేదని వాళ్ళావిడే చెప్పుకుంది.

వారం తిరిగింది. కొలువులో భట్టు కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. చెయ్యి మాటిమాటికీ మెడ వెనక్కి పోతోంది. కూర్మన్న జాలిగా అడిగాడు.

"భట్టుగారూ, అచ్చమ్మ మీ ఇంటికి కూడా కూర పంపుతోందా?"

రాజు ఉలిక్కిపడి తన మెడ తడుముకున్నాడు. అచ్చమ్మ వంటే తింటున్నాడు, దురద మాత్రం తగ్గుముఖం పట్టింది.

కూర్మన్న భట్టు మెడపట్టీ తిరగేసి చూపించాడు. లోపలివైపు చిన్న నల్లటి గుర్తు.

"నల్లజీడి రసం ప్రభూ. బట్టలు కలిసిపోకుండా చాకళ్ళు పెట్టే గుర్తు. ఒంటికి ఒరుసుకుంటే పొక్కుతుంది. అందరి బట్టలకూ అంచున పెడతారు, తమ అంగీలకు మెడ లోపల పెట్టారు. ఆ అంగీలు మానేసి, గోకకుండా కొబ్బరినూనె రాసుకుంటే మిగిలింది కూడా పోతుంది."

రాజు మండిపడ్డాడు. "మెడలో పెట్టమన్నది ఎవడు? రాజ్యం దాటాల్సింది వాడు."

"చెబుతాను గానీ, ముందు నాకు అభయం కావాలి."

"ఇచ్చాను. చెప్పు."

"ఆమధ్య సేనాపతిగారు పొరపాటున తమ అంగీ తొడుక్కొచ్చారు. ఆరోజు, నా బట్టలన్నిటికీ గుర్తు పెట్టండి, అది బయటికి కనబడకుండా మెడ లోపల పెట్టండి అని ఒకరు గట్టిగా అరిచారు."

రాజు నాలిక కరుచుకున్నాడు.

"అరిచింది నేనే. అయితే కూర్మన్నా, ఇప్పుడు నేను రాజ్యం దాటాలా?"

"ఆజ్ఞ ఆజ్ఞే కదా ప్రభూ. దాటండి. వంటకు అచ్చమ్మను వెంట తీసుకెళ్ళండి. వైద్యానికి మాత్రం భట్టుగారిని తీసుకెళ్ళకండి."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆజ్ఞ రద్దు చేసి, అచ్చమ్మకు చేతులెత్తి దణ్ణం పెట్టి, తన చేతి కడియం తీసి కూర్మన్నకు తొడిగాడు. సభంతా చప్పట్లు కొట్టింది, ఒక్క భట్టు తప్ప. ఆయన రెండు చేతులూ మెడ వెనకే ఉన్నాయి.